సంతకం పెట్టేముందు...

పిల్లాడి కడుపునొప్పికి తిరువూరులో మొదట దొరికిపోయే దోషి మామిడిపండే. ఎండాకాలం సెలవుల్లో నొప్పి మొదలైందా, 'పొద్దస్తమానం తోటలో పడి తింటే రాక ఏమవుతుంది' అంటుంది నానమ్మ. బళ్లు తెరిచినా తగ్గకపోతే నులిపురుగుల మందు. అదీ అయ్యాక ఆర్‌ఎంపీ డాక్టరిచ్చిన విరేచనాల బిళ్లలు. నాలుగు రోజులు తగ్గినట్టే ఉంటుంది. మళ్లీ మొదలు.

అలాంటి ఓ ఇంటిని ఊహించుకుందాం. పిల్లాడికి పదకొండేళ్లు. ఆరో తరగతి. అన్నం ముందు కూర్చుంటాడు, నాలుగు ముద్దలు తిని లేచిపోతాడు. రాత్రిపూట నిద్రలోంచి లేచి దొడ్లోకి పరిగెడతాడు. అప్పుడప్పుడూ జ్వరం. అయినా అమ్మకి అసలు భయం పట్టుకుంది వేరే చోట... జూన్‌లో కొత్త యూనిఫాం కుట్టించడానికి పాతది తీసి తొడిగి చూసింది. రెండేళ్లనాటి నిక్కరు. సరిగ్గా సరిపోయింది!

ఎదగాల్సిన పిల్లాడు ఎదగడం లేదు. తిరువూరు నుంచి మైలవరం మీదుగా విజయవాడకు బస్సు. అక్కడ రక్తపరీక్షలు, స్కానింగు. 'పేగు క్షయ కావచ్చు' అని కొన్నాళ్లు మందులు. గుణం కనపడలేదు. చివరికి హైదరాబాద్‌లో గొట్టం వేసి చూసి, పేగులోంచి చిన్న ముక్క తీసి పరీక్షించి చెప్పారు... క్రోన్స్ వ్యాధి అని. ఆ పేరు అర్థం చేసుకునేలోపే డాక్టరు ఇంకోమాట అన్నారు. 'అమ్మా, పిల్లల కోసం ఓ కొత్తమందు మీద క్లినికల్ ట్రయల్ జరుగుతోంది. మీవాడు దానికి సరిపోతాడు. ఇదిగో కాగితాలు. ఇంటికి తీసుకెళ్లి చదువుకుని, ఆలోచించుకుని చెప్పండి.'

ట్రయల్ అంటే ప్రయోగం. 'మా పిల్లాడి మీదా?'

ఆ తల్లి నోట మొదట వచ్చే మాట అదే. రావాలి కూడా. కానీ ఆ ప్రశ్నకి జవాబు 'అమ్మో' అన్నంత తేలికగానూ లేదు, 'డాక్టరుగారు చెప్పారుగా' అన్నంత తేలికగానూ లేదు.

పేరు ఒకటే... జబ్బులు రెండు

ఇన్‌ఫ్లమేటరీ బవెల్ డిసీజ్... క్లుప్తంగా ఐబీడీ. పేగులకు వాపు, పుండ్లు తెచ్చే జబ్బులకి ఉమ్మడి పేరు ఇది. ఇందులో ముఖ్యమైనవి రెండు. పెద్దపేగు లోపలి పొరకే పరిమితమయ్యేది అల్సరేటివ్ కొలైటిస్. నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా వచ్చి, పేగు గోడ లోతుల్లోకి పాకేది క్రోన్స్. 1932లో న్యూయార్క్ మౌంట్ సినాయ్ ఆసుపత్రికి చెందిన బరిల్ క్రోన్ తన సహచరులు గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్‌లతో కలిసి పద్నాలుగుమంది రోగుల వివరాలను ప్రచురించారు. ముగ్గురు రాసిన పత్రమే అయినా పేరు మాత్రం ఒక్కరిదే మిగిలింది. పరీక్షల బెంగతో కడుపులో తిప్పే ఐబీఎస్‌తో దీన్ని కలిపేయకూడదు. ఐబీఎస్‌లో పేగు దెబ్బతినదు. ఇందులో దెబ్బతింటుంది. మన ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే పేగు మీద తిరగబడుతుంది. ఎందుకలా అంటే జన్యువులు, తిండి, పేగులోని సూక్ష్మజీవులు అన్నీ కలిసి అని చెబుతారు. తల్లి ఏదో పెట్టకూడనిది పెట్టినందువల్ల మాత్రం కాదు. నానమ్మలు కాస్త ఈ వాక్యం రెండుసార్లు చదవాలి.

'అది పట్నం జబ్బండీ, మన పల్లెల్లో ఎక్కడిది' అనుకునేవాళ్లు చాలా కాలం డాక్టర్లలోనూ ఉన్నారు. హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు 2020-22 మధ్య పేగు బాధలతో వచ్చిన 30 వేలమందికి పైగా రోగులను పరిశీలించి, 2023లో ఫలితాలు ప్రచురించారు. పల్లెల నుంచి వచ్చినవాళ్లలోనూ పట్నాలవాళ్లలోనూ ఐబీడీ దాదాపు ఒకే తీరుగా కనిపించింది.

మన దగ్గర ఇంకో చిక్కుంది... క్షయ. పేగుకు వచ్చే క్షయా, క్రోన్సూ గొట్టంలోంచి చూస్తే కవలపిల్లల్లా ఉంటాయి. అందుకే మనదేశంలో చాలామంది పిల్లలకి ముందు క్షయ మందులిచ్చి చూస్తారు. అది పొరపాటేం కాదు. కానీ అసలు జబ్బు క్రోన్స్ అయితే ఆ నెలలన్నీ పిల్లాడి ఎత్తులోంచి పోయినట్టే. పెద్దవాళ్ల క్రోన్స్‌కీ పిల్లల క్రోన్స్‌కీ ఉన్న అతి పెద్ద తేడా ఇదే. నలభై ఏళ్లాయన ఒక ఏడాది జబ్బుపడితే ఏడాది పోతుంది. పన్నెండేళ్ల పిల్లాడు ఏడాది జబ్బుపడితే, ఆ ఏడాదిలో పెరగాల్సిన అంగుళాలు తర్వాత పూర్తిగా రాకపోవచ్చు. ఎదుగుదలకి ఓ గడువు ఉంటుంది మరి!

సగంబిళ్ల లెక్క

పెద్దలకి బిళ్ల, పిల్లలకి సగంబిళ్ల... మనందరికీ తెలిసిన లెక్క. ఆ లెక్క ఎక్కడ బెడిసికొడుతుందో వైద్యలోకం కష్టపడి నేర్చుకుంది. టైఫాయిడ్‌కి ఒకప్పుడు విరివిగా వాడిన క్లోరాంఫెనికాల్‌ను అమెరికాలో అప్పుడే పుట్టిన శిశువులకీ ఇచ్చారు. శిశువులు బూడిదరంగుకి మారి చనిపోయారు. వాళ్ల కాలేయం ఆ మందును విరిచి బయటికి పంపలేకపోయిందని 1959లో తేలింది. కొన్ని మందుల విషయంలో పరిస్థితి దీనికి తలకిందులు. పెద్దల కంటే పిల్లల ఒంట్లోంచే మందు తొందరగా వెళ్లిపోతుంది. అప్పుడు కిలోల లెక్కన కొలిచిచ్చిన మోతాదు కూడా చాలకపోవచ్చు.

క్రోన్స్‌కి వాడే ఇన్‌ఫ్లిక్సిమాబ్ కథ చూడండి. అమెరికాలో పెద్దలకి 1998లో అనుమతి వచ్చింది. పిల్లలకి? 2006లో! మధ్యలో ఎనిమిదేళ్లు. ఆ ఎనిమిదేళ్లూ పిల్లలకి ఆ మందు ఇవ్వలేదనుకుంటే పొరపాటే. ఇచ్చారు. పెద్దల లెక్క చూసి, అనుభవాన్ని నమ్ముకుని ఇచ్చారు. ఒకరకంగా అదీ ప్రయోగమే. కాకపోతే ఆ ఫలితాలు ఒకచోట రాసిపెట్టుకునే పద్ధతి లేని ప్రయోగం. చాలామంది తల్లిదండ్రులు 'ట్రయల్ వద్దు, మామూలు వైద్యం చాలు' అన్నప్పుడు వాళ్లకి తెలియని సంగతి ఇది... పిల్లల విషయంలో మామూలు వైద్యంగా చలామణి అయ్యేదాంట్లో పిల్లల మీద సరిగా పరీక్షించనిది చాలానే ఉంటుంది.

ఆ ఎనిమిదేళ్ల లోటు తీర్చిన ట్రయల్ పేరు రీచ్. అందులో చేరింది 112 మంది పిల్లలు, ఆరు నుంచి పదిహేడేళ్లవాళ్లు. ఉత్తి సెలైన్ ఎక్కించి మోసపుచ్చడం అందులో లేదు. అందరికీ అసలు మందే ఇచ్చారు. పది వారాలకి 99 మందిలో గుణం కనిపించింది. ఆ తర్వాత అసలు ప్రశ్న... ఎన్నాళ్లకోసారి ఇవ్వాలి? పిల్లల్ని చీటీలు వేసినట్టుగా రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి ఎనిమిది వారాలకోసారి, ఇంకో జట్టుకి పన్నెండు వారాలకోసారి. ఏడాది తిరిగేసరికి మొదటి జట్టులో నూటికి 56 మంది జబ్బు అణగి హాయిగా ఉన్నారు. రెండో జట్టులో 24 మంది. నాలుగు వారాల తేడా అంతపని చేసింది! ఇది ఏ గొప్ప డాక్టరూ ఊహించి చెప్పగలిగేది కాదు. ఆ 112 మంది పిల్లల వల్ల తెలిసింది. 2007లో ఫలితాలు అచ్చయ్యాయి. ఇప్పుడు ఎక్కడ పిల్లలకి ఆ మందు ఎక్కించినా ఎనిమిది వారాల లెక్కతోనే మొదలుపెడతారు.

భీమవరం నుంచి బోస్టన్ దాకా

ఈ కథలో మన తెలుగాయన ఒకరున్నారు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్నదమ్ములిద్దరు రోజుల తేడాతో చనిపోయారు. వాళ్లని తీసుకెళ్లింది స్ప్రూ. ఇది క్రోన్స్ కాదు గానీ, తిన్నది ఒంటపట్టనివ్వకుండా మనిషిని కృశింపజేసే పేగుజబ్బే. సుబ్బారావుకూ అది సోకింది. ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. ఆ తర్వాత అమెరికా వెళ్లి, లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతకి అది మందయింది. అన్నదమ్ముల్ని పోగొట్టుకున్నవాడు తీర్చుకున్న బాకీ అనిపిస్తుంది.

ఆ బృందమే ఫోలిక్ యాసిడ్‌ని పోలినట్టే ఉండి దాని పనిని అడ్డుకునే రసాయనాలూ తయారుచేసింది. వాటిలో ఒకదాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకి ఇచ్చారు. 1948 జూన్‌లో ఆయన ప్రచురించిన నివేదికలో పిల్లలు పదహారుమంది. పదిమందిలో మెరుగుదల కనిపించింది. అది తాత్కాలికమే. అయినా అప్పటిదాకా ఆ జబ్బు ముందు చేతులు ముడుచుకుని కూర్చున్న వైద్యులకి దారి దొరికింది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. తల్లిదండ్రులకి అంతా వివరించి రాతపూర్వకంగా ఒప్పించాలన్న నేటి నిబంధనలు ఆనాటికి లేవు.

ఆ కుటుంబంలోని మందే మెథోట్రెక్సేట్. ఇవాళ పిల్లల క్రోన్స్‌లో చిన్నమోతాదులో దాన్ని వాడుతున్నారు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ లేదా అడాలిముమాబ్ మొదలుపెట్టేటప్పుడు దీన్నీ జతచేస్తే మేలా, అనవసర భారమా? వికారం, వాంతులు తెచ్చే మందు. ఊరికే ఇవ్వడానికి మనసొప్పదు. డాక్టర్లు రెండు వర్గాలుగా చీలి ఏళ్లతరబడి వాదించుకున్నారు. అమెరికాలో 35 ఆసుపత్రులు కలిసి కంబైన్ అనే ట్రయల్ చేశాయి. 297 మంది పిల్లలు. అందరికీ అసలు మందు అందింది. కొందరికి దాంతోపాటు మెథోట్రెక్సేట్, కొందరికి అచ్చం అలాగే కనిపించే ఉత్తి బిళ్ల. ఎవరికేదో పిల్లలకీ తెలియదు, డాక్టర్లకీ తెలియదు. 2023లో వెలువడిన జవాబు రెండు వర్గాలనీ ఇబ్బంది పెట్టింది. అడాలిముమాబ్ వాడే పిల్లలకి జోడీమందు బాగా ఉపయోగపడింది. ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడేవారికి అదనంగా ఒరిగిందేమీ లేదు!

'మావాడికి ఉత్తి బిళ్ల ఇస్తే?' అన్నది తల్లిదండ్రుల పెద్ద భయం. ఆ బిళ్ల అసలు వైద్యం స్థానంలో ఇస్తున్నారా, అసలు వైద్యానికి అదనంగా ఇస్తున్నారా... కంబైన్‌లో రెండోది. రెంటికీ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా ఉంది. కాగితంలో ఆ సంగతి ఎక్కడుందో వెతుక్కోవాలి. లేకపోతే అడగాలి.

ఇడ్లీ లేని ఆరు వారాలు

ట్రయల్ అంటే ప్రతిసారీ సూదీ మందే కానక్కర్లేదు. క్రోన్స్ పిల్లలకి స్టెరాయిడ్లు లేకుండా జబ్బును అణచడానికి ఓ పద్ధతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలు మామూలు తిండి పూర్తిగా మాన్పించి, పోషకాలన్నీ కలిపిన పాలలాంటి ద్రవాన్నే తాగించడం. పనిచేస్తుంది. కానీ ఆలోచించండి... ఇంట్లో అందరూ పెసరట్టు తింటుంటే పదేళ్ల పిల్లాడు గ్లాసు పట్టుకుని కూర్చోవాలి. ఆరు వారాలు. అవకాయ కలుపుతున్న వాసన వస్తున్నా సరే!

ఇజ్రాయెల్, కెనడా వైద్యులు దీనికి బదులు ఇంకోటి పరీక్షించారు. సగం ద్రవం, సగం ఎంపికచేసిన తిండి... కోడిమాంసం, గుడ్లు, బంగాళదుంప, అరటిపండు, యాపిల్, వరి అన్నం లాంటివి. గోధుమ, పాలు, ప్యాకెట్ తిళ్లు బంద్. డెబ్బైమందికి పైగా పిల్లలు పాల్గొన్న ఈ ట్రయల్ ఫలితాలు 2019లో వచ్చాయి. ఆరు వారాలకి రెండు పద్ధతులూ ఇంచుమించు పనిచేశాయి. పన్నెండు వారాలకి మాత్రం తిండి పద్ధతిలో స్టెరాయిడ్లు లేకుండా నిలదొక్కుకున్నవాళ్లు నూటికి 76 మంది, ద్రవం తాగి ఆ తర్వాత మామూలు తిండికి వెళ్లినవాళ్లలో 45 మంది. ఇది చదివి రేపట్నుంచి ఇంట్లోనే మొదలెట్టేయకండి. ఏది ఎంత, ఎన్నాళ్లన్నది పోషకాహార నిపుణులు చూసి నడిపించాల్సిన లెక్క.

ఇక్కడే ఒకమాట చెప్పాలనిపిస్తుంది. ఈ తిండి మన పప్పుచారు ఇళ్లల్లో ఎంతవరకు కుదురుతుంది? క్షయ ఎక్కువగా ఉన్న మన ఊళ్లలో ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి మందులు ఎంత భద్రం? ఇవి రోగనిరోధక శక్తిని అణిచే మందులు, ఒంట్లో నిద్రపోతున్న క్షయని లేపగలవు. అందుకే మొదలుపెట్టేముందు ఛాతీ ఎక్స్‌రే, క్షయ పరీక్ష తప్పనిసరి. రీచ్‌లో, కంబైన్‌లో ఉన్నది పరాయిదేశాల పిల్లలు. మన పిల్లలు ఏ ట్రయల్లోనూ లేకపోతే, మన పిల్లలకి సంబంధించిన జవాబులు కూడా ఎక్కడా ఉండవు.

అదే రోడ్డు మీద...

అలాగని తిరువూరు తల్లి భయం అర్థంలేనిదా? కానేకాదు. ఆమె విజయవాడ వెళ్లిన రోడ్డు మీదే అటువైపు వెళితే తెలంగాణలోకి దాటి కొత్తగూడెం, భద్రాచలం వస్తాయి. 2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల బాలికలు దాదాపు 14 వేలమందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన కార్యక్రమం. చాలామంది హాస్టళ్లలో ఉండి చదువుకునే పిల్లలు. కొందరు బాలికలు చనిపోవడంతో గొడవై, 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది. ఆ మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. ఆ తరహా టీకాలు అప్పటికే ఎన్నో దేశాల్లో వాడుకలో ఉన్నాయి. తేలింది ఇంకొకటి. పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు. 2,763 మీద సంతకం చేసింది హాస్టల్ వార్డెన్లూ హెడ్మాస్టర్లూ! తల్లిదండ్రులు తిరువూరుకో సత్తుపల్లికో కూలికి వెళ్లి ఉంటారు, పిల్ల చేతికి టీకా పడిపోయింది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీసంఘం తన నివేదికలో దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

మందు మంచిదే కావచ్చు. అడగకుండా వేయడం మంచిది కాదు. ఈ రెండూ ఒకేసారి నిజం కావడమే మనల్ని తికమకపెడుతుంది.

ఆ గొడవలు, సుప్రీంకోర్టులో నడిచిన వ్యాజ్యం కలిసి నిబంధనలను బిగించాయి. కొత్త రసాయనాల ట్రయల్స్‌లో పిల్లల్లాంటి బలహీనవర్గాలను చేర్చేటప్పుడు, వివరించడం నుంచి సంతకం దాకా అంతా వీడియో తీయాలి. 2019 మార్చిలో కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు వచ్చాయి. ట్రయల్ వల్ల పిల్లాడికి హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయించాలి, నష్టపరిహారం ఇవ్వాలి. తీవ్రమైన హాని ఏది జరిగినా 24 గంటల్లో పైకి తెలియజేయాలి. ప్రతి ట్రయల్‌నూ ముందే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియాలో నమోదుచేయాలి. 2007లో మొదలైన ఈ రిజిస్ట్రీ 2009 జూన్ నుంచి తప్పనిసరైంది. అందులోని వివరాలు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. డిగ్రీ చదివే మేనమామ ఉంటే చాలు, కాగితం మీదున్న నంబరు కొట్టి, ఎవరు చేయిస్తున్నారో, ఏ ఆసుపత్రుల్లోనో, ఎంతమంది పిల్లలతోనో చూసిపెడతాడు. నంబరే లేదంటే ఇక ఆలోచించక్కర్లేదు. ట్రయల్ మందుకి డబ్బులడిగినా అంతే.

ఆఖరి పేజీ

మళ్లీ మన బస్సులోకి వద్దాం. ఆమె ఒళ్లో కాగితాల కట్ట. తెలుగులోనే ఉంది. ఉండి తీరాలి, తనకి అర్థమయ్యే భాషలో లేని కాగితం మీద సంతకం తీసుకోకూడదు. కానీ తెలుగు అక్షరాల్లో ఉన్నంత మాత్రాన తెలుగు అయిపోదు కదా! 'యాదృచ్ఛికీకరణ' అని ఉంది ఒకచోట. చీటీలు వేసినట్టు జట్లు చేయడం అని పక్కన పెన్సిల్‌తో ఎవరైనా రాసిస్తే బాగుండు. తెలియని ప్రతిచోటా ఆమె గీత గీసుకుంటోంది. గొట్టం పరీక్ష ఎన్నిసార్లు, రక్తం ఎంత తీస్తారు, అందులో మామూలు వైద్యానికి కావాల్సినవెన్ని, ట్రయల్ కోసమే చేసేవెన్ని. జబ్బు ముదిరితే వెంటనే వేరే మందుకి మారుస్తారా, గడువు దాకా ఆగమంటారా. మందు బాగా పనిచేసి, ట్రయల్ అయిపోయాక ఎవరు కొనిస్తారు? ఈ చివరి ప్రశ్న చాలామంది అడగరు. ఖరీదైన మందుల విషయంలో అదే ముందు అడగాలి. చేరనంటే మామూలు వైద్యం ఆపుతారా అన్నది మాత్రం అడగక్కర్లేదు, ఆపకూడదు. చేరాక మధ్యలో మానేసినా అంతే.

మైలవరం దాటింది. పిల్లాడు కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆమె ఆఖరి పేజీ తిప్పింది. అక్కడ అక్షరాలు పెద్దవిగా ఉన్నాయి. అది ఆమెది కాదు, వాడిది. ఏడేళ్లు దాటిన పిల్లల్ని నోటిమాటగానైనా అడగాలి, పన్నెండు దాటితే పిల్లలే చదివి సంతకం పెట్టాలి అంటాయి భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలు. అమ్మానాన్నా సరేనన్నా, పిల్లాడు వద్దంటే ఆ మాటని పక్కన పడేయడానికి లేదు. వాడికి పన్నెండు నిండటానికి ఇంకా నాలుగు నెలలుంది. అయినా కాగితం వాడి చేతికిచ్చింది.

వాడు వేలుపెట్టి చదివాడు. చాలాసేపే పట్టింది.

'అమ్మా, ఇందులో చేరితే పొడుగవుతానా?'

'అది తెలుసుకోడానికేరా ఇదంతా. ఖచ్చితంగా చెప్పలేమంట.'

'గొట్టం మళ్లీ వేస్తారా?'

'రెండుసార్లంట.'

వాడు కాగితం మడిచి ఆమెకిచ్చేశాడు. 'మత్తిచ్చే వేస్తారో లేదో అడుగు. అప్పుడు చెప్తా.'

ఆమె పెన్సిల్ తీసి ఆ ప్రశ్న కూడా రాసుకుంది.